బోర్డు మీది ఉంగరాలు

1979 సెప్టెంబరు 10, సోమవారం ఉదయం పదిన్నరకు ఆళ్లగడ్డలోని ఓ చిన్న నర్సింగ్ హోంలో ఎర్రమ్మ తన అన్న బయ్యన్న నెత్తురు పరీక్ష చేసి, రిజిస్టరులో ‘మలేరియా లేదు’ అని రాసింది.

బయ్యన్న అహోబిలం పైన గూడెంలో తేనె తీసే మనిషి. నాలుగు రోజులుగా చలిజ్వరం. చెల్లెలు ల్యాబులో చేరి పదకొండు రోజులైంది. గూడెం మొత్తంలో ఉద్యోగం వచ్చింది ఆమె ఒక్కదానికే. బల్ల మీద వాలిపోయి కూడా అతను ఎగతాళి మానలేదు.

“నా నెత్తుర్లో ఏం కనపడ్తాంది డాక్టరమ్మా?”

“ఏం లేదులేన్నా.”

“అయితే బతికినట్లే.”

మైక్రోస్కోపులో ఆమెకు సన్నటి చుక్కలు కనపడినాయి. నంద్యాలలో ఆమె చదివిన ల్యాబు కోర్సులో రామానుజం సారు బోర్డు మీద ఎర్ర సుద్దతో పళ్లెమంత నెత్తురు కణం గీసి, దాంట్లో నీలి సుద్దతో గాజంత ఉంగరం వేసేవాడు. అదే మలేరియా పురుగు. చుక్కలు కనపడితే నెత్తురు పూసిన గాజుపలక మీద వేసిన రంగు సరిగా కడగలేదని అర్థం అనేవాడు. ఆ బొమ్మ అందరికంటే బాగా గీసి ఎర్రమ్మ ఫస్టు క్లాసులో పాసయింది. అందుకే రిజిస్టరులో రాసే ముందు ఆ గాజుపలకను, స్లైడును, మళ్లీ కడిగింది. ఇంకొకటి చేసింది. ఉంగరాల కోసం వెతికింది. చుక్కలే ఉన్నాయి.

ఆ కోర్సులో నలభైమందికి ఒకటే మైక్రోస్కోపు. చెడిపోతే ఇంకొకటి రాదని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. ఏడాదికోసారి ఆయుధపూజనాడు బయటికి తీసి బొట్టు పెడితే, పిల్లలు వరసగా వచ్చి తాకి కళ్లకద్దుకునేవాళ్లు. సారు దగ్గరున్న పుస్తకం లండన్‌లో అచ్చయింది. ప్రతి విద్యార్థీ తన మైక్రోస్కోపు ముందర పెట్టుకుని పాఠం చదవాలని దాని మొదటి పేజీలో ఉంది. సారు అది తెలుగులో చెప్పినప్పుడు క్లాసంతా నవ్వింది. ఎర్రమ్మ కూడా నవ్వింది.

రిజిస్టరు చూసి డాక్టరు టైఫాయిడ్ మందు మొదలుపెట్టాడు. బుధవారం బయ్యన్నకు స్పృహ తప్పింది. గురువారం పొద్దున చనిపోయాడు. డాక్టరుకు అనుమానం వచ్చి స్లైడును కర్నూలు పెద్దాసుపత్రికి పంపాడు. పది రోజులకు అది ఒక చీటీతో తిరిగొచ్చింది. మలేరియా ఉంది, చుక్కంత ఉంగరాలు చూసిన చోటల్లా ఉన్నాయి అని చీటీలో రాశారు.

ఆయుధపూజనాడు ఎర్రమ్మ ఆ స్లైడును దూదిలో చుట్టుకుని నంద్యాల బస్సెక్కింది. క్లాసులో పూజకని బయటికి తీసిన మైక్రోస్కోపు పీట మీద ఉంది. దాని మీద ఇంకా బొట్టు పెట్టలేదు. జరిగింది చెప్పి, పురుగు ఎట్లుంటాదో ఒకసారి చూపమని సారును అడిగింది.

ఆయన స్లైడు పెట్టి, అద్దం తిప్పి, చాలాసేపు వంగి చూశాడు. ఏం కనపడ్తాలేదన్నాడు.

“అంత చిన్న పురుగు కనపడాలంటే నూనె వేసి చూసే లెన్సు కావల్ల గదా, అది యాడుంది సార్?”

“వచ్చినప్పుడే లేదమ్మా.”

“మరి మీరు యాడ చూసినారు?”

ఆయన చేతులు తుడుచుకున్నాడు. “నేనూ బొమ్మలోనే చూసినా.”

పూజకు వేళయిందని పిల్లలు వచ్చి నిలబడ్డారు. ఎర్రమ్మ స్లైడు తీసి మళ్లీ దూదిలో చుట్టుకుంది. ఆ మధ్యాహ్నం మైక్రోస్కోపుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బీరువాలో పెట్టి తాళం వేశారు.

పూజ అయిన మూడో రోజు నర్సింగ్ హోం ఎర్రమ్మను పనిలోంచి తీసేసింది. కాగితంలో కారణం ‘అజాగ్రత్త’ అని ఉంది. ఆమె జాగాలోకి జీవమ్మ అనే అమ్మాయి వచ్చింది. అదే కోర్సు, తర్వాతి బ్యాచి, ఫస్టు క్లాసు.