తమ్ముడు తిన్నాడా

నాలుక మీద మాత్ర చేదు కరుగుతుంది. మెల్లగా... ఆ తర్వాత మంచు.

జైలు ఆసుపత్రి కిటికీ జాలీ మీద పొద్దు పొడుస్తుంది. గోడలు మెత్తబడతాయి. కాళ్లు ఎవరివో అయినట్టు నడుస్తాయి.

ఆ మంచులో తమ్ముడి గొంతు ఉండదు.

మేస్త్రీకి కావలసిందీ అదే. బయట ఉన్నప్పుడు గోడలు కట్టేవాడు కనుక ఇక్కడా అందరికీ మేస్త్రీయే. మాత్ర పడకపోతే చాలు, ఆ గొంతు వచ్చేస్తుంది. తనకు జబ్బు ముదిరిన రోజున తన చేతులతోనే చంపుకున్న తమ్ముడి గొంతు. బతిమాలుతుంది —

అమ్మను కూడా పంపించు అన్నా... అమ్మను కూడా...

డాక్టరుకు చెప్పాడు. అమ్మకు చెప్పలేదు. ఏ నోటితో చెబుతాడు?

ములాఖత్ రోజున అమ్మ వచ్చింది. జాలీకి అటువైపు కూర్చుంది. బాగా చిక్కిపోయింది.

"వాడి గొంతు నీకు వినపడుతుందట కదరా. డాక్టరుగారన్నారు."

"మాత్ర వేసుకుంటే వినపడదమ్మా."

"ఒక్క పూట మానెయ్యి. ఆ రోజు అన్నం సగంలో లేచాడు వాడు. ఆకలేస్తోందేమో అడుగు."

చచ్చినవాడి ఆకలి అడగమంటోంది తల్లి, జబ్బు మాత్రం కొడుక్కట! కడుపు తీపికి ఏ డాక్టరు మందు రాస్తాడు?

సాయంత్రం మాత్రల బండి వచ్చింది. మేస్త్రీ మాత్రను నాలుక కింద దాచాడు. వార్డులో అందరికీ వచ్చిన విద్యే. చేదు కరుగుతోంది... చేదు వెనక ఎక్కడో అలికిడి —

అన్నా...

"నాలుక ఎత్తు మేస్త్రీ" అంది నర్సమ్మ.

ఎత్తలేదు. ఇంకో గ్లాసు నీళ్లడిగాడు. గటగటా మింగేశాడు. అప్పుడు ఎత్తి చూపించాడు.

మంచు వచ్చింది. తెల్లగా, దయగా. తమ్ముడు రాలేదు. వాడి కోసం ఏడుద్దామనుకున్నాడు. కన్నీళ్లూ రాలేదు.

అమ్మ మళ్లీ వచ్చింది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. రోజంతా సాధన చేశాడు పాపం.

"అడిగానమ్మా. తిన్నాడట. కడుపునిండా తిన్నాడట."

అమ్మ కళ్లు మూసుకుంది. ఎన్నాళ్లకో ఆ ముఖం తేటపడింది.

కాసేపటికి ముందుకు వంగింది. జాలీకి చెవి ఆనించింది.

"నా గురించి ఏమైనా అన్నాడా?"