ఎవరైతే అల్లి తెస్తారో

"కాఫీ అక్కడ పెట్టి, ఆ నాలుగో పాఠం కాస్త టైప్ చేసిపెట్టు తులసీ," అన్నారు మా ఆయన. ఆయన ప్రసన్నకుమార్ గారు, లా కాలేజీలో కాంట్రాక్టు చట్టం చెబుతారు. నోట్సు ఆయనది, టైపింగు నాది. పన్నెండేళ్లుగా కొడుతున్నా, "మా ఆవిడకి ఇవన్నీ ఎక్కడెక్కుతాయండీ," అని స్నేహితులతో అంటూనే ఉంటారు. బాగానే ఎక్కుతాయి. కొట్లో అద్దాల వెనక చీర పెట్టినంత మాత్రాన అమ్మి తీరాలని లేదు. ప్రకటన అంటే మామూలుగా బేరానికి రమ్మని పిలుపు, అంతే. కానీ షరతులన్నీ తేటగా చెప్పి, బేరానికి చోటు లేకుండా, ఈ పని ఎవరు చేస్తే వాళ్లకిది ఇస్తాం అంటే మాత్రం అది మాట ఇచ్చినట్టే. పని పూర్తి చేయడమే ఒప్పుకోవడం. ఆ వాక్యం దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి.

ఎందుకంటే ఆ ఉదయమే పేపర్లో, మా నరసాపురం లేసు శిక్షణ కేంద్రం వాళ్ల ప్రకటన చూశాను. 'బొమ్మలోని బల్లగుడ్డను వేరొకరి సాయం లేకుండా అల్లి, ముప్పై రోజుల్లో అందరికంటే ముందు ఎవరైతే తెస్తారో వారికి టీచరు ఉద్యోగం ఇవ్వబడును. దరఖాస్తు, ఇంటర్వ్యూ లేవు.' మా ఊళ్లో లేసు ఎప్పుడూ ఒకరిది కాదు. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు అతుకుతారు, మరొకరు అంచు వేస్తారు. చిన్నప్పటినుంచీ నేను పువ్వులే అల్లాను. నా పువ్వులు ఏ గుడ్డలో చేరాయో ఒక్కసారీ చూడలేదు. "తీరిగ్గా ఉన్నప్పుడు ఏదో కాలక్షేపం మా కోడలికి," అంటారు అత్తయ్యగారు. తీరికట! ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

పప్పు ఉడికేలోపు, బట్టలు ఆరేలోపు అల్లాను. మధ్యాహ్నాలు రేవులోంచి పంటు పడవ హారను సన్నగా వినిపించేది. దారం వేలి మీదుగా జారుతుంటే ఎక్కడున్నానో తెలిసేది కాదు. తెల్లటి గుడ్డ నా ఒడిలోంచి గుమ్మం దాటి, వీధి దాటి, గోదావరి మీద పరుచుకునేది. దాని మీద చెప్పుల్లేకుండా నడిచి వెళ్లేదాన్ని. వెనక నుంచి ఎవరూ పిలిచేవారు కాదు. "తులసీ, కూర మాడిపోతోందే!" అన్న అత్తయ్యగారి కేకతో మళ్లీ ఇంట్లో పడేదాన్ని. మాడిన కూర నేనే తినేదాన్ని, సంతోషంగా.

ఇరవయ్యారో రోజుకి పూర్తయింది. "పిచ్చిదానా, ప్రకటనలు నమ్ముతారా ఎవరైనా?" అని నవ్వారు మా ఆయన.

"నాలుగో పాఠం, రెండో పేజీ చూడండి," అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

శిక్షణ కేంద్రం మేనేజరు పల్లంరాజు గారు గుడ్డని వెలుతురుకి పట్టి చాలాసేపు చూశారు. ఇంకా ఎవరూ తేలేదని ఆయనే చెప్పారు. తర్వాత నీళ్లు నమిలారు.

"పనితనం చాలా బాగుందమ్మా. కాకపోతే అదేదో ప్రచారం కోసం వేసిందండి. ఆ పోస్టుకి మా చుట్టాలమ్మాయిని అనుకున్నాం."

"మీరు అడిగింది చేశానండి. చేశాక మాట వెనక్కి తీసుకోవడానికి లేదు." అన్నానే గానీ భయం వేసింది. ఈ ఉద్యోగం పోతే మళ్లీ పువ్వుల దగ్గరికే.

ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. "సరేలెండి. మీవారు మాకు బాగా తెలిసినవారే. ఆయన్ని ఒకసారి పంపండి, మేం మేం మాట్లాడుకుంటాం."

పేపరు ముక్క తీసి ఆయన ముందు పెట్టాను.

"'ఎవరైతే తెస్తారో' అని వేశారండి. వాళ్లాయన్ని పంపమని వేయలేదు."