గోదురుకప్ప వేషంలో కెమిస్ట్రీ టీచరు

పందెం వేసుకుంది నేనే. ఇంకెవర్నీ అనాల్సిన పని లేదు.

ఆస్ట్రేలియాలోని రాక్‌హాంప్టన్‌లో మా బడి సంబరం రోజున చాకొలెట్ క్రాకిల్స్ అమ్మే బల్ల ఇరవై రెండేళ్లుగా బడి క్యాంటీన్ నడిపే నోర్మాదే. బియ్యప్పేలాల్లో కోకో, పంచదార, కరిగించిన కొబ్బరి కొవ్వు కలిపి, కాగితపు గిన్నెల్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే అవే గట్టిపడతాయి. ఈమాత్రం దానికి ఇరవై రెండేళ్ల పెత్తనమా అని నాకు కడుపుమంట.

"ఆ తెల్లకొవ్వు దిమ్మ ఎందుకు నోర్మా? సీసాలో కొబ్బరినూనె ఉందిగా, ఒంటికి మంచిది. రెండూ కొబ్బరే!" అన్నాను.

"అయితే చెరో పళ్లెం పెడదాం టీచరమ్మా. నీది ముందు అమ్ముడైతే బల్ల నీది. లేదంటే కప్ప వేషం నీది."

మా బడి జట్టు గుర్తు గోదురుకప్ప. ఆ వేషాన్ని ఉతికిన పాపాన ఎవరూ పోలేదు. అయినా సై అన్నాను. పదిహేనేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నదాన్ని, నాకేం భయం!

తొమ్మిదింటికి ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు నా క్రాకిల్స్ రాళ్లలా ఉన్నాయి. పదింటికి ఎండ ముప్ఫై ఒక్క డిగ్రీలు. పదింబావుకి నా పళ్లెంలో కోకో చెరువు, అందులో పేలాల ఈతలు. పక్కనే నోర్మావి చెక్కుచెదరలేదు. తొమ్మిదో తరగతి మొత్తం మూగి విరగబడి నవ్వింది.

"మిస్, స్ట్రా ఇస్తారా?" అంది ఒకతె.

మాటంటే మాటే. వేషం వేసుకున్నాను. కప్ప నోట్లోంచి చూస్తే నోర్మా నవ్వుతోంది.

"నూనె ఇరవై నాలుగు డిగ్రీలకే కరుగుతుందమ్మాయ్. దిమ్మయితే ముప్ఫై ఆరు దాకా ఆగుతుంది."

"ఎందుకో చెప్పు చూద్దాం!" ఉక్రోషంతో అరిచాను.

"నిటారుగా ఉన్న అణువులు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటాయి. విడదీయాలంటే బోలెడు వేడి కావాలి. నూనెలో కొన్ని వంకరవి ఉంటాయి. బెంచీ మీద మోచేతులు చాచేవాడు ఒక్కడున్నా వరస చెదరదూ? దిమ్మ చేసేటప్పుడు ఆ వంకర తీసేస్తారు."

బెంచీ, మోచేతులు. అవి నా మాటలే. ఏటా ఫిబ్రవరిలో నేను చెప్పే పాఠం.

"మీ క్లాసు పక్కనే కదా నా కిటికీ," నోర్మా సిగ్గుపడింది. "పద్నాలుగేళ్లకే బడి మానేశాను. శాండ్‌విచ్‌లు కోసుకుంటూ పదిహేనేళ్లుగా వింటున్నా. ఒక్క పాఠం పోనివ్వలేదు."

ఓడిపోయిన సంగతే మర్చిపోయాను. ఆనందం పట్టలేక కప్ప చేతులతోనే ఆమెను వాటేసుకున్నాను.

"వదులు, కంపు!"

"వదల్ను. సోమవారం నుంచి లోపలికొచ్చి కూర్చో."

"మరి శాండ్‌విచ్‌లు?"

"తెల్లారగానే వచ్చి నేనూ కోస్తాను," అన్నాను. "కొబ్బరినూనె జోలికి మాత్రం రానులే."