తెరిచిన నోరు

నేను ఒక రోగిని. ఏ జబ్బూ లేకుండా పంతొమ్మిదేళ్ళుగా మంచం మీదే ఉన్న రోగిని. నా ఒళ్ళు ప్లాస్టిక్, చర్మం రబ్బరు. నర్సులు పని నేర్చుకోవడానికి తయారుచేసిన నిలువెత్తు బొమ్మను.

ఎక్కడ పుట్టానో సరిగ్గా చెప్పలేను. అచ్చులో పోశారు, చల్లార్చారు, కీళ్ళు బిగించారు. గొంతులోకి గొట్టం వేయడం నేర్పాలి కాబట్టి నోరు తెరిచి ఉండేలా చేశారు. అప్పటినుంచీ అది మూతపడలేదు. చూసినవాళ్ళు నేనేదో చెప్పబోతున్నాననుకుంటారు.

మొదట ఒక నర్సింగ్ కాలేజీలో ఉన్నాను. అక్కడి అమ్మాయిలు నన్ను మావయ్య అని పిలిచేవారు. నా ఎడమచేతిలో సూది గుచ్చిన ప్రతిసారీ "సారీ మావయ్యా" అనేవారు. నిజమైన మనుషులకు గుచ్చేటప్పుడు ఆ మాట ఎందుకు మర్చిపోతారో నాకు ఇప్పటికీ తెలియదు. కాలేజీ మూతపడ్డాక బల్లలతో పాటు నన్నూ విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి అమ్మేశారు. మూడో అంతస్తులో ట్రైనింగు గదిలో పడుకోబెట్టారు. మావయ్య అన్న పేరూ నాతోపాటే వచ్చింది.

కొన్నేళ్ళు బాగానే గడిచాయి. తర్వాత ఆసుపత్రివాళ్ళకు గోడకు తగిలించుకునే పెద్ద సర్టిఫికెట్ ఒకటి కావలసి వచ్చింది. దానికోసం ఐసీయూ నర్సులంతా ఇంగ్లీషులో మాట్లాడాలన్నారు. పరీక్ష ఆ గదిలోనే. రోగిని నేను. నా తల వెనక నిలబడి నా గొంతు అయ్యేది నర్సింగ్ సూపరింటెండెంట్ వసుంధర మేడం. రెండుసార్లు తప్పినవాళ్ళకు ఉద్యోగం లేదు.

ఎస్తేరు రాణి మొదటిసారి తప్పింది.

ముప్పై దాటిన మనిషి, పాలకొండ నుంచి వచ్చింది. పసిపిల్లల చేతిలో కూడా నరం ఒక్క గుచ్చుతో దొరకబుచ్చుకుంటుందని పేరు. ఆరోజు మాత్రం నా మంచం పక్కన నిలబడి, ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్ళిపోయింది. నా నోరు తెరిచే ఉంటుంది, మాట రాదు. ఆమెకు మాటలన్నీ లోపల ఉన్నాయి, నోరు తెరుచుకోదు. ఇద్దరినీ కలిపితే ఒక పూర్తి మనిషి అయ్యేవాళ్ళం.

మర్నాటినుంచి మధ్యాహ్నం భోజనం వేళకు బాక్సు పట్టుకుని నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. రెండు ముద్దలు తినేది. బాక్సు మూత నా పొట్టమీద పెట్టి నోటుబుక్కు తెరిచేది.

"గుడ్ మార్నింగ్ సర్. హౌ ఆర్ యూ ఫీలింగ్ టుడే?"

నేను పలకను. ఆమెకు అదే ధైర్యం. నా దగ్గర గడగడా మాట్లాడేది. అలసిపోతే తెలుగులో తన సంగతులు చెప్పేది. ఐదేళ్ళ కూతురు పాలకొండలో అమ్మమ్మ దగ్గర ఉందట. జూన్‌లో ఇక్కడికి తెచ్చి బడిలో వేస్తానని మాటిచ్చిందట. నీలం రంగు బడిసంచి అప్పుడే కొనేసి, అద్దెగదిలో మేకుకు తగిలించిందట.

"పొద్దున లేస్తే అదే కనిపిస్తుంది మావయ్యా. చూస్తే భయమేస్తోంది" అంది ఒకరోజు. ఉద్యోగం పోతే ఆ సంచి పాలకొండకే వెళుతుంది, ఆమెతోపాటు.

రెండో పరీక్షకు వారం ఉందనగా ఎస్తేరు బాక్సు లేకుండా వచ్చింది. నా మంచం అంచున కూలబడింది. నేల తుడుస్తున్న ఆయా సింహాలమ్మ కర్ర ఆపి చూసింది.

"ఏటే పిల్లా, బొమ్మకాడ కూకోని ఏడుస్తున్నావు?"

ఎస్తేరు ముక్కు తుడుచుకుంటూ చెప్పింది. నాలుగో మంచం మీద ఒక ముసలాయన ఉన్నాడు. ఓడల్లో పనిచేసినాయన, తెలుగు రాదు. పొద్దున ఆయన ఇంగ్లీషులో, నా భార్యకు కబురు చేశారా అని అడిగాడు. ఈమె యస్ సర్ అంది. ఎవరూ చేయలేదు. ఆయన మూడు గంటలసేపు తలుపువైపే చూస్తూ పడుకున్నాడు. ఎవరొచ్చినా తల ఎత్తాడు. చివరికి గుండె దడ ఎక్కువైతే డాక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"ఆయనడిగింది నీకు తెలీలేదేటి?"

"తెలిసింది పిన్నీ. లేదని చెప్తే ఎందుకు చేయలేదంటారు. దానికి నా దగ్గర మాట లేదు. యస్ సర్ అంటే ఇంకేం అడగరు."

"అందుకని అనీసి పారొచ్చీసినావు."

ఆ తలుపు, ఆ ముసలాయన కళ్ళు నాకు కనిపించినట్టే అయింది. నా కళ్ళు కూడా ఎప్పుడూ తలుపువైపే ఉంటాయి.

సింహాలమ్మ కర్ర గోడకు ఆనించి నా తల వెనక్కి వచ్చింది. "నాకు ఇంగిలీషు రాదు గానీ, ఇరవైయేళ్ళు ఈళ్ళ మంచాల కింద తుడిసినాను. నొప్పొచ్చినోళ్ళు ఏటడుగుతారో నాకు తెల్దేటి?" అని గొంతు మార్చి మూలిగింది. "సిస్టర్! వాటర్!"

ఎస్తేరుకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

"నవ్వు తర్వాత. వాటర్ ఇయ్యొచ్చా, కూడదా?"

"యస్ స..."

"మళ్ళీ యస్సర్ అన్నావంటే ఆ కర్రతో తంతాను! తెలీకపోతే తెలీదను. కనుక్కొచ్చి సెప్తానని అను. ఎప్పుడూ ఆళ్ళే అడగాలేటి, నువ్వూ ఒక ముక్క అడుగు. అప్పుడు కదా అది మాటలాడుకోడం."

ఆ వారమంతా మధ్యాహ్నం వేళ నాకు గొంతు వచ్చింది. "సిస్టర్, మై సన్ కమింగ్?" "సిస్టర్, వై నో ఫుడ్?" నాలోంచి అంత నొప్పి వస్తుందని నాకే తెలియదు. ఇన్నాళ్ళూ పలకకుండా ఎస్తేరుకు మేలు చేస్తున్నాననుకున్నాను. అది మేలు కాదు.

బుధవారం పదకొండింటికి పరీక్ష. ఎస్తేరు నా నాడి పట్టుకుంది. నాకు నాడి లేదు, అయినా పట్టుకుంది. రబ్బరుకు ఏమీ తెలియదంటారు. ఆమె ఎంత గట్టిగా పట్టుకుందో నాకు తెలిసింది.

వసుంధర మేడం చేతిలో కాగితం ఉంది. కాగితం చూడకుండానే అడిగింది. "సిస్టర్, హావ్ యూ టోల్డ్ మై వైఫ్?"

అదే ప్రశ్న. నాలుగో మంచం సంగతి మేడందాకా వెళ్ళింది, కావాలనే అడిగింది.

"యస్..." అంది ఎస్తేరు.

ఆ తర్వాతి మాట ఆమె పెదవుల మీదే ఉంది. నా నోరు తెరిచే ఉంది. అందులోంచి ఒక్క మాట పంపగలిగితే ఈ పంతొమ్మిదేళ్ళూ ఇచ్చేసేవాణ్ణి.

"నో. నో సర్. ఐ డిడ్ నాట్ టెల్ హర్." గొంతు వణికింది. "ఐ విల్ కాల్ నౌ. ప్లీజ్ టెల్ మీ హర్ నంబర్."

జేబులోంచి పెన్ను తీసి, ఎడమ అరచెయ్యి తెరిచి నిలబడింది.

మేడం కాగితం వంక చూసింది. అందులో అడగాల్సిన ప్రశ్నలున్నాయి. నంబరు లేదు. పరీక్షలో ఇంతవరకూ ఎవరూ రోగిని ఎదురు అడగలేదు.

"నంబరా?" అంది తెలుగులో.

"యస్ మేడం... సారీ, యస్ సర్. నంబర్ ప్లీజ్."

మేడం తడుముకుంటూ పది అంకెలు చెప్పింది. ఎస్తేరు అరచేతిలో రాసుకుని, ఒక్కొక్కటీ పైకి చదివి సరిచూసుకుంది.

"ఆరోజు ఆయన్ని ఇలా అడిగి ఉంటే సరిపోయేది కదా?" అంది మేడం.

"భయమేసింది మేడం."

"ఇప్పుడు వేయట్లేదా?"

"వేస్తోంది మేడం."

మేడం ఆమె అరచేతిలోని నంబరు చూసి, కాగితం మీద సంతకం పెట్టింది.

జూన్‌లో నీలం సంచి బడికి వెళ్ళింది. ఆ కబురు సింహాలమ్మే చెప్పింది. అదే నెల నా మెడ కీలు విరిగింది. కొత్త బొమ్మ వచ్చింది. దానికి గొంతు ఉందట, మీట నొక్కితే దగ్గుతుందట. నన్ను విరిగిన చక్రాల కుర్చీల పక్కన స్టోరు గదిలో పెట్టారు. గోడకు అవతల ఐసీయూ ఫోను. రోజూ ఎస్తేరు గొంతు వినిపిస్తుంది. "మేడం, సిస్టర్ ఎస్తేర్ హియర్. యువర్ హస్బెండ్ ఈజ్ ఆస్కింగ్ ఫర్ యూ." ఆ గొంతులో వణుకు ఇప్పటికీ పోలేదు.

పాతసామాన్ల బండి గురువారం వస్తుందన్నారు. ఈరోజు మంగళవారం. సింహాలమ్మ బకెట్టు పెట్టడానికి వచ్చి నా ముఖం మీద దుమ్ము తుడిచింది.

"బాగున్నావేటి మావా?"

ఎస్తేరు దగ్గర విని విని అలవాటైపోయి, యస్ సర్ అనాలనిపించింది.

లేదు సింహాలమ్మా. భయంగా ఉంది. కాసేపు కూర్చుంటావా?