కోకో ప్రకటన కింద చోటు

లండన్ మీద బాంబులు పడే రోజుల్లో హిల్డా ప్రతి సాయంత్రం దుప్పటి చంకన పెట్టుకుని భూగర్భ రైలు స్టేషనుకు దిగేది. ప్లాట్‌ఫారం మీద, గోడకున్న కోకో ప్రకటన కింద ఆమె పడక. పక్క పడక ఈనిడ్‌ది. జానెడు చోటు కోసం ఇద్దరూ రోజూ కీచులాడుకునేవారు. జర్మనీతో పోరు ముగిసింది గానీ వీళ్ల పోరు ముగియలేదు.

పదేళ్ల తర్వాత హిల్డా అదే గోడ దగ్గర రైలు కోసం నిలబడితే ఎవరో మోచేత్తో పొడిచారు. చూస్తే ఈనిడ్, జుట్టంతా నెరిసిపోయి.

"కాస్త జరుగు. అది నా చోటు."

"బాంబులు పడ్డప్పుడే జరగలేదు, ఇప్పుడు జరుగుతానా? నీ గురక ఇంకా అట్లాగే ఉందా?"

"ఏమో. చెప్పడానికి పక్కన ఎవరున్నారు గనక?"

హిల్డా జానెడు పక్కకు జరిగింది. రైలు వచ్చింది, వెళ్లింది. ఇద్దరూ ఎక్కలేదు.