కోటుకి చెప్పిన కొలత

పాండర్ అని ఇంగ్లీషులో ఓ మాటట, ఎదుటివాళ్ళ బలహీనత కనిపెట్టి, వాళ్ళకి కావలసిందే అందించి మన పబ్బం గడుపుకోవడమట, పొద్దున పరీక్షకి చదువుకుంటూ మా అమ్మాయి చెప్పింది, చెప్పి ఊరుకుందా, ఉదాహరణకి నువ్వేనమ్మా, టీచరమ్మ నడుము కొలిచినప్పుడల్లా రెండంగుళాలు మింగేస్తావుగా అంది, మింగేస్తాను, నోటితో ముప్ఫైనాలుగు అంటాను, చేత్తో ముప్ఫైఆరుకి కత్తిరిస్తాను, ఆవిడ అద్దం ముందు ఇటూ అటూ తిరిగి మురిసిపోతుంది, ఎవరి సొమ్మేం పోయింది, ఇలాంటి మాటలు నేర్పడానికా దీన్ని ఇంత చదివించింది అనుకుంటూ ఇస్త్రీపెట్టె కాస్త గట్టిగానే దించాను, ఇంతలో టీచరమ్మే వచ్చింది, చేతిలో కొత్త కోటు, సాయంత్రం ఆవిడ రిటైర్మెంటు సభ, నా మాట నమ్మి బజార్లో ముప్ఫైనాలుగు కొనుక్కుంది, తొడిగి చూపించింది, బొత్తానికీ కాజాకీ మాటల్లేవు.

ఆ కొట్టువాడి టేపు తప్పమ్మా, వెళ్ళి నాలుగు దులిపేసి వస్తాను, సాక్ష్యానికి నువ్వూ రా అంది, ఊఁ అంటే సరిపోయేది, ఇన్నేళ్ళ చనువు నిలిచేది, పాపం కొట్టువాడు తిట్లు తినేవాడు, లోపలి గదిలో మా అమ్మాయి చదువు ఆగిపోయింది, వింటోంది దొంగముండ, వాళ్ళ టేపు మంచిదేనండీ, మీది ముప్ఫైఆరు, ముప్ఫైనాలుగు నా నోటిమాట అనేశాను, ఆవిడ కుర్చీలో కూలబడింది, ఎన్నాళ్ళనుంచీ అంది, చాలా ఏళ్ళేనండీ అన్నాను, మరి నువ్వు కుట్టినవేవీ బిగుతవలేదే, గుడ్డతో ఎప్పుడూ అబద్ధమాడలేదండీ, ఇక ఈ గుమ్మం తొక్కదనుకున్నాను, ఏడుపొచ్చేసింది, ఆవిడ లేచి కోటు విప్పి నా ఒళ్ళో పడేసింది, సాయంత్రంలోగా వదులు చెయ్యి, ఇకమీదట కూడా నిజం గుడ్డకే చెప్పు, నాకు మాత్రం ముప్ఫైనాలుగే చెప్పు, నమ్మాలో వద్దో నేను చూసుకుంటాను అని, అద్దం ముందు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగి వెళ్ళిపోయింది.

కుట్లు విప్పుతున్నాను, లోపలి మడతలో గుడ్డ బాగానే వదిలాడు ఇది కుట్టిన పుణ్యాత్ముడు, బొత్తాం కాజా దాకా హాయిగా వస్తుంది, మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఏమ్మా, మళ్ళీ ముప్ఫైనాలుగే చెప్తావా అంటోంది, చెప్తానే, ఇన్నాళ్ళూ చేసింది నీ పుస్తకంలో మాటే, ఒప్పుకుంటాను, ఆవిడ మురిసిపోతుంటే చూడ్డం నాకూ ఇష్టమే మరి, ఇప్పుడు ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరికీ తెలిశాక చెప్పుకునేదాన్ని గారాబం అంటారు.