సబీనా అడిగిన ఉత్తరం

చార్లెస్టన్‌లో ఆ డిసెంబరు మధ్యాహ్నం నీలి రిబ్బను పువ్వులు కుట్టీ కుట్టీ సబీనా వేళ్లు మంటలెత్తాయి. ఉత్తరాది రాష్ట్రాలతో కలిసున్న యూనియన్ నుంచి తమ రాష్ట్రం విడిపోవాలనేవాళ్లంతా వాటిని టోపీలకు పెట్టుకుని ఊరేగుతున్నారు. మిసెస్ మెర్విన్‌కు ఆరు కావాలట. సబీనాకు కావలసింది వెళ్లనిమ్మని ఆవిడ రాసిచ్చే ఒక్క ఉత్తరం ముక్క. అదుంటే తనూ ఎనిమిదేళ్ల కూతురూ రేపటి ఫిలడెల్ఫియా ఓడ ఎక్కవచ్చు.

చెప్పుకోవడానికి సబీనా స్వతంత్రురాలే. ఇక నీ బతుకు నీదని ముసలి మెర్విన్ దొర పదిహేనేళ్ల కిందటే అన్నాడు. కానీ బానిసను విడిచిపెట్టడానికి ఈ రాష్ట్రంలో చట్టం ఒప్పుకోదు. అందుకని కాగితం మీద ఆమె ఆయన సొత్తుగానే ఉండిపోయింది. ఊళ్లో ఇలా మాట మీద బతికేవాళ్లు చాలామందే. దొర పోయాడు, కాగితం ఆయన కోడలు మిసెస్ మెర్విన్ చేతికొచ్చింది. ఈ ఏడు పోలీసులు ఇల్లిల్లూ తిరిగి, రుజువు లేనివాళ్లను బానిసల రాగిబిళ్ల తగిలించుకోమంటున్నారు. తగిలించుకుంటే బానిసనని తన నోటితో తనే ఒప్పుకున్నట్టు.

కోడలు చెడ్డది కాదు. వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డదైతే సబీనా అడిగేదే కాదు. దానికేం, రాసిస్తానని ఆవిడ నవ్వుతూ బల్ల ముందు కూర్చుంది.

వాక్యం సగంలో ఉండగా గంటలు మోగాయి. ఒక చర్చి కాదు, ఊళ్లో ఉన్నవన్నీ. యూనియన్ తెగిపోయిందని వీధిలో పేపరువాడు అరుస్తూ పోయాడు. ఉత్తరాదివాళ్లు మన బానిసల జోలికొస్తారు, తెగతెంపులే దారి అని నెలరోజులుగా ఈ ఇంట్లో భోజనాల దగ్గర ఒకటే గోల. మిసెస్ మెర్విన్ కళ్లు తుడుచుకుంది. రాస్తున్న కాగితం చింపి ఇంకోటి తీసింది.

"ఫిలడెల్ఫియా ఇక పరాయి దేశం సబీనా. అక్కడ నీకెవరున్నారు? నీకు రాగిబిళ్ల ఇమ్మని ఆఫీసుకు రాస్తున్నా. నీ మంచికే."

"మీరు విడిపోవడానికి ఎవరి ఉత్తరం తెచ్చుకున్నారమ్మగారూ?"

ఆవిడ వేళాకోళం అనుకుని నవ్వింది, రాస్తూనే ఉంది. సబీనా నిలబడ్డచోటి నుంచే తలకిందులుగా చదివింది: 'నా దాసి సబీనా, దాని ఈత.' ఆవుల అమ్మకం కాగితాల్లో దూడలకు రాసే మాట అది. ఈ ఊళ్లో బానిసల పిల్లలకూ అదే రాస్తారు.

"పిల్ల పేరేంటి?"

"ఈతకు పేరెందుకమ్మగారూ."

అనేశాక గానీ నోరు జారిందని తెలియలేదు. బానిసకు చదువు చెప్పడం ఇక్కడ నేరం. కలం ఆగింది.

"నీకెవరు నేర్పారు?"

"మీ మామగారు. నా కాగితం నేనే చదువుకోవాలన్నారు."

"ఆయన లేరుగా," అంది మిసెస్ మెర్విన్ మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు. "ఈ సంగతి నేనెవరికీ చెప్పనులే. పిల్ల పేరు చెప్పు."

బయట ఫిరంగులు పేలుస్తున్నారు, జనం కేరింతలు కొడుతున్నారు. ఆవిడ కలం సిరాలో ముంచి, తొందరేమీ లేనట్టు చూస్తూ కూర్చుంది.

"లవీనియా," అంది సబీనా.